చలికాలమే ముడిసరుకు

చిన్న బీరు తయారీ కేంద్రాలు ఏటా కొత్త బీర్లనూ, ఋతువును బట్టి మారే బీర్లనూ విడుదల చేయడం ఇప్పుడు అనేక దేశాల్లో పరిపాటి అయింది. క్రిస్మస్‌కు సుగంధ ద్రవ్యాలు కలిపిన ముదురు రంగు బీరు, వేసవికి పలుచని గోధుమ బీరు, ఆకు రాలే కాలానికి గుమ్మడికాయ బీరు అంటూ అమెరికాలోని చిన్న బ్రూవరీలు ఒక వార్షిక వరుసను పాటిస్తుంటాయి. అయితే వీటిలో చాలా బీర్లకు ఋతువుతో ఉన్న సంబంధం తాగేవారి కోరికను బట్టి ఏర్పడినదే తప్ప తయారీలోంచి పుట్టినది కాదు. శీతలీకరణ యంత్రాలు, ప్రయోగశాలలో పెంచిన ఈస్టు, ఏడాది పొడవునా దొరికే మాల్టు అందుబాటులో ఉన్న బ్రూవరీ క్రిస్మస్ బీరును మే నెలలోనైనా అంతే చక్కగా తయారుచేయగలదు. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో, ఆండర్లెఖ్ట్ అనే పాత కార్మికవాడలో ఉన్న కాంతియోన్ బ్రూవరీ సంగతి వేరు. అక్కడ బీరు ఏ రోజు కాచాలో నిర్ణయించేది అమ్మకాల పట్టిక కాదు, ఆ రాత్రి చలి. బార్లీ, గోధుమ, నీరు, హాప్స్ ఎంత అవసరమో చలికాలం కూడా ఆ బీరుకు అంతే అవసరమైన ముడిసరుకు కాబట్టి, ఋతువుల బీరు అంటే అసలు ఏమిటో తెలుసుకోదలచినవారు ఈ ఒక్క బ్రూవరీ పనితీరును నిదానంగా పరిశీలించడం మేలు.

ఒకప్పుడు ఐరోపాలో బీరంతా ఋతువుల బీరే. వేసవిలో కాచిన బీరు తొందరగా పులిసి చెడిపోయేది. దానికి కారణమైన సూక్ష్మజీవుల గురించి ఎవరికీ తెలియకపోయినా, ఫలితం మాత్రం అందరికీ అనుభవమే. బవేరియా పాలకుడు ఐదవ ఆల్బ్రెఖ్ట్ 1553లో జారీచేసిన ఉత్తర్వు ఏప్రిల్ 23న వచ్చే సెయింట్ జార్జి పండుగ నుంచి సెప్టెంబరు 29న వచ్చే సెయింట్ మైకేల్ పండుగ వరకు బీరు కాచడాన్ని నిషేధించింది. అందువల్ల మార్చి నెలలో కొంత గాఢమైన బీరు కాచి, చల్లని నేలమాళిగల్లో దాచి, వేసవి పొడవునా దానితోనే గడుపుకునేవారు; మార్చి బీరు అన్న అర్థంలో దానికి మెర్ట్‌సెన్ అనే పేరు స్థిరపడింది. పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో ఈ కట్టడి పూర్తిగా సడలింది. 1870ల దశకంలో కార్ల్ ఫాన్ లిండె రూపొందించిన శీతలీకరణ యంత్రాలు మ్యూనిక్ బ్రూవరీలకు చేరి వేసవిలోనూ చలిని అందుబాటులోకి తెచ్చాయి. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచే పద్ధతిని సాధించడంతో, బీరును ఏ సూక్ష్మజీవి పులియబెట్టాలో మనిషే నిర్ణయించే స్థితి వచ్చింది. నేడు ప్రపంచంలో తాగే బీరులో అధిక భాగం ఈ రెండు విజయాల ఫలమే. ఆ ప్రవాహానికి దూరంగా, పాత పద్ధతిని వదలకుండా నిలిచిన కొద్ది బీర్లలో లాంబిక్ ఒకటి.

లాంబిక్ అంటే బయటి నుంచి ఈస్టు ఏమాత్రం చేర్చకుండా, గాలిలోనూ పరిసరాల్లోనూ ఉండే సూక్ష్మజీవులతోనే పులిసే గోధుమ బీరు. దీనికి పుట్టినిల్లు బ్రస్సెల్స్ నగరమూ, దానికి పడమరగా సెన్ నది పరిసరాల్లో ఉన్న పయోటెన్‌లాండ్ అనే వ్యవసాయ ప్రాంతమూ. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో ఒక్క బ్రస్సెల్స్ నగరంలోనే పదుల సంఖ్యలో లాంబిక్ తయారీదారులు, లాంబిక్ కొని కలిపి అమ్మే వ్యాపారులు ఉండేవారు. 1900లో పోల్ కాంతియోన్, ఆయన భార్య మారీ త్రోక్ కలిసి ప్రారంభించిన సంస్థ కూడా మొదట అటువంటి కలిపి అమ్మే సంస్థే. సొంతంగా కాచడం 1930ల దశకం చివరిలో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పరిశ్రమల్లో తయారయ్యే లేత పసుపు రంగు పిల్స్ బీరూ, తీపి పానీయాలూ మార్కెట్టును ఆక్రమించడంతో పుల్లని లాంబిక్‌కు గిరాకీ పడిపోయింది. మిగిలిన తయారీదారుల్లో చాలామంది పులుపు తెలియకుండా తీపి కలిపి, వడపోసి, వేడిచేసి అమ్మడం మొదలుపెట్టగా, కాంతియోన్ కుటుంబంలోని అమ్మాయిని పెళ్ళాడి 1970 ప్రాంతంలో బ్రూవరీ బాధ్యత తీసుకున్న జాన్ పియెర్ వాన్ రాయ్ ఆ దారి పట్టడానికి అంగీకరించలేదు. అమ్మకాల ఆదాయం చాలదని గ్రహించి 1978లో బ్రూవరీనే సజీవ మ్యూజియంగా మార్చి, సందర్శకులకు పాత యంత్రాలను, జరుగుతున్న పనిని చూపించసాగాడు. అమ్ముడుపోని వస్తువును అమ్ముకోవడానికి వేసిన ఎత్తుగా దీన్ని భావించడం పొరపాటు; ప్రజలకు అర్థం కాని రుచి నిలవాలంటే అది ఎలా పుడుతుందో వారికి చూపడం తప్ప మార్గం లేదని గుర్తించిన వివేకం అది. చాలాకాలం పాటు బ్రస్సెల్స్ నగరంలో మిగిలిన ఏకైక సాంప్రదాయ లాంబిక్ బ్రూవరీ ఇదే. ప్రస్తుతం ఆయన కుమారుడు జాన్ వాన్ రాయ్ దాని బీరుకు బాధ్యుడు.

కాంతియోన్‌లో బీరు కాచే కాలం అక్టోబరు చివర మొదలై ఏప్రిల్ తొలినాళ్ళకు ముగుస్తుంది. ఒక్కో విడతకు సుమారు 1,300 కిలోల ధాన్యం వాడతారు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, తక్కినది మొలకెత్తించని పచ్చి గోధుమ. ధాన్యాన్ని ముక్కచెక్కగా మరపట్టి వేడినీటిలో కలిపి, ఉష్ణోగ్రతను మెట్లు మెట్లుగా పెంచుతూ పోతే, మాల్టులోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. ఈ పద్ధతిలో పిండిపదార్థం కొంత మార్పు చెందకుండా మిగిలిపోయేలా జాగ్రత్తపడతారు. మామూలు బీరులో లోపంగా పరిగణించే ఆ మిగులే ఇక్కడ తరువాతి రెండు మూడేళ్ళ పాటు నెమ్మదిగా పనిచేసే సూక్ష్మజీవులకు ఆహారం. అలా లభించిన సుమారు 10,000 లీటర్ల తీపి రసాన్ని గంటల తరబడి మరిగిస్తే నాలుగో వంతు ఆవిరై 7,500 లీటర్లు మిగులుతుంది. మరిగేటప్పుడు వేసే హాప్స్ కూడా విలక్షణమైనవే. బీరుకు చేదునూ సువాసననూ ఇచ్చే ఈ తీగ పూలను ఇతర బ్రూవరీలు వీలైనంత తాజాగా వాడాలని చూస్తే, లాంబిక్ తయారీదారులు కొన్నేళ్ళు నిల్వ ఉంచినవాటినే ఎంచుకుంటారు, ఎందుకంటే వారికి కావలసింది హాప్స్‌లోని చేదు కాదు, అవాంఛిత బాక్టీరియాను అదుపు చేసే గుణం మాత్రమే. ఏళ్ళు గడిచేకొద్దీ చేదు తగ్గి ఆ గుణం చాలావరకు నిలిచి ఉంటుంది.

అసలైన ఘట్టం ఆ తరువాతిది. మరుగుతున్న రసాన్ని పైకప్పు కింద అటకమీద ఉన్న వెడల్పాటి, లోతు తక్కువైన రాగి తొట్టిలోకి ఎక్కిస్తారు. కూల్‌షిప్ అని పిలిచే ఈ తొట్టిలో రసం మూత లేకుండా రాత్రంతా ఉంటుంది. చుట్టూ ఉన్న గవాక్షాల గుండా, పెంకుల సందుల గుండా చలిగాలి ప్రవేశించి, దానిని తెల్లవారేసరికి 20 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు దించుతుంది. ఈ గంటల్లోనే గాలిలోని ఈస్టులు, బాక్టీరియా అందులో చేరతాయి. బయటి ఉష్ణోగ్రత సున్నాకు మూడు డిగ్రీల దిగువ నుంచి ఎనిమిది డిగ్రీల వరకు ఉండటం ఈ పనికి అనువైనదని కాంతియోన్ అనుభవం. రాత్రి వెచ్చగా ఉంటే రెండు ప్రమాదాలున్నాయి: రసం కావలసినంత వేగంగా చల్లారదు, అంతేకాక వెచ్చని గాలిలో బీరును పాడుచేసే బాక్టీరియా పాలు ఎక్కువ, కాబట్టి అవి నెమ్మదిగా పెరిగే మేలైన ఈస్టులకు చోటు దక్కనివ్వవు. చలి చేసే పని చల్లార్చడంతో ముగియదు. ఏ జీవులు రావాలో, ఏవి రాకూడదో జల్లెడపట్టేది కూడా అదే.

సెన్ లోయ గాలిలో తప్ప మరెక్కడా ఈ జీవులు ఉండవని చాలాకాలం ఒక నమ్మకం ఉండేది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం వంటి చలి ప్రాంతాల్లో చిన్న బ్రూవరీలు కూల్‌షిప్ కట్టి, అక్కడి గాలితోనే ఇదే కోవకు చెందిన బీరును సాధించిన తరువాత ఆ నమ్మకం సడలింది. అయితే స్థలానికి ప్రాముఖ్యం లేదని దీని అర్థం కాదు. కాంతియోన్ నమూనాలతో జరిపి 2014లో ప్రచురించిన సూక్ష్మజీవుల అధ్యయనం, ఇతర లాంబిక్ పరిశోధనలు చెబుతున్నదాన్ని బట్టి, రాత్రి గాలితో పాటు దశాబ్దాలుగా అక్కడే ఉన్న అటక, ఓక్ పీపాల చెక్క కూడా ఈ జీవులకు ఆశ్రయమే. అందుకే ఆ కట్టడంలో అనవసరమైన కడుగుడు, మార్పులు చేయరు. పండ్ల వాసనకు వచ్చే కీటకాలను పట్టే సాలెగూళ్ళను కూడా తొలగించరు.

పొద్దున రసాన్ని అంతకుముందు ద్రాక్షసారా నిల్వచేసిన ఓక్ పీపాలకు మార్చిన తరువాత సూక్ష్మజీవులు ఒక క్రమం ప్రకారం రంగంలోకి దిగుతాయి. తొలి నెలలో పేగు బాక్టీరియా వర్గానికి చెందిన జీవులు చురుకుగా ఉంటాయి; ఆమ్లమూ ఆల్కహాలూ పెరిగేకొద్దీ అవి నశిస్తాయి. ఆ వెంటనే శాకరోమైసిస్ అనే మామూలు ఈస్టు కొన్ని నెలల పాటు చక్కెరలో అధిక భాగాన్ని ఆల్కహాలుగా మారుస్తుంది. వేసవి వచ్చి పీపాల గది వెచ్చబడగానే లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే పెడియోకాకస్ బాక్టీరియా విజృంభించి బీరుకు పులుపునిస్తుంది. ఈ దశలో అది కొన్నిసార్లు జిగటగా, నూనెలా సాగుతుంది, తయారీదారులు దాన్ని జబ్బుపడిన బీరు అంటారు. ఆ జబ్బును మాన్పేది చివరగా వచ్చే బ్రెటనోమైసిస్ అనే ఈస్టు. 1904లో కార్ల్స్‌బెర్గ్ శాస్త్రజ్ఞుడు నీల్స్ హెల్టె క్లౌసెన్ ఇంగ్లండు బీరులో గుర్తించి వర్ణించిన ఈ ఈస్టు మిగిలిన సంక్లిష్ట చక్కెరలను నెలల తరబడి తింటూ, తోలునూ, తడిసిన గడ్డినీ, పండిన పండునూ తలపించే పరిమళాలను వదులుతుంది. కాచడానికి చలికాలం ఎంత అవసరమో పండించడానికి వేసవి అంత అవసరమన్నమాట. ఆ పీపాల గదిని యంత్రాలతో ఏడాది పొడవునా ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉంచితే ఈ క్రమం చెదిరిపోతుంది.

తెలుగు పాఠకులకు ఈ పద్ధతి మూలసూత్రం పూర్తిగా కొత్తది కాదు. ఈత, తాటి చెట్లకు గీత గీసి లొట్టిలోకి దింపిన తీపి నీరాకు ఎవరూ ఈస్టు కలపరు. గాలి, కీటకాలు, పాత లొట్టి గోడలు అందించే సూక్ష్మజీవులే దానిని కల్లుగా మారుస్తాయి. తేడా అంతా వేగంలోనే ఉంది. తెలుగు నేల ఎండకు నీరా కొన్ని గంటల్లోనే పులిసి, మరునాటికి తాగలేనంత పుల్లబడుతుంది. లాంబిక్ అదే పనికి మూడేళ్ళు తీసుకుంటుంది. చెట్టు కింద తాజాగా తాగవలసిన పానీయం ఒకటి, మనవల కాలానికి కూడా దాచుకోగల పానీయం మరొకటి కావడానికి రెంటి ముడిపదార్థాల్లో ఉన్న భేదంతో పాటు వాతావరణానిదీ పెద్ద పాత్రే.

ఏడాది వయసున్న లాంబిక్‌లో ఇంకా చక్కెర మిగిలి ఉంటుంది, మూడేళ్ళ లాంబిక్‌లో చక్కెర ఉండదు కాని పరిమళం పరిపక్వమై ఉంటుంది. పీపా చెక్క గుండా వాయువు బయటికి పోతుంది కాబట్టి దేనిలోనూ నురుగు నిలవదు. ఒకటి, రెండు, మూడేళ్ళ వయసున్న పీపాల నుంచి తీసి రుచి చూసి, తగిన పాళ్ళలో కలిపి, మందమైన సీసాల్లో నింపి బిరడా బిగించి నెలల తరబడి పడుకోబెడితే, లేత బీరులోని చక్కెర సీసాలోనే మళ్ళీ పులిసి నురుగును పుట్టిస్తుంది. దీన్నే గూజ్ అంటారు. బ్రూవరీలో అత్యంత కష్టమైన పని ఇదే, ఎందుకంటే ప్రతి పీపాలోని సూక్ష్మజీవుల లెక్క వేరు, రుచి వేరు. ఈ ఏటి గూజ్ నిరుటి గూజ్‌లా ఉండాలన్న నియమమూ లేదు. పెద్ద కంపెనీలు ఒకే రుచిని లక్షల సీసాల్లో నిలబెట్టడాన్ని నైపుణ్యంగా భావిస్తాయి, అది నిజంగానే నైపుణ్యం. కాని కలిపేవాని నాలుక మీద మాత్రమే ఆధారపడిన ఈ నైపుణ్యం దానికన్నా అరుదైనది. మూడేళ్ళు పండిన లాంబిక్‌ను ఏమీ కలపకుండా, నురుగు లేకుండానే గ్రాండ్ క్రూ బ్రూక్సెల్లా పేరుతో అమ్మడం కూడా ఉంది.

కాంతియోన్‌లో ఏటా కొత్త బీర్లు పుట్టే చోటు మాత్రం పండ్ల తోట. బీరు కాచే కాలం ముగిసిన కొద్ది నెలలకు, వేసవి నడిమధ్యన, పుల్లని చెర్రీలు కోతకు వస్తాయి. వాటిని ఏడాదిన్నరకు పైబడిన లాంబిక్ ఉన్న పీపాల్లో వేస్తే పండ్లలోని చక్కెరతో పులియడం మళ్ళీ మొదలవుతుంది. రంగు, ఆమ్లం, వాసన కరిగి, గింజల నుంచి బాదం వంటి పరిమళం చేరి క్రీక్ అనే ఎర్రని బీరు తయారవుతుంది. పండు వేశారు కాబట్టి తియ్యగా ఉంటుందనుకునేవారికి మొదటి గుటకలోనే భ్రమ తొలగుతుంది, ఎందుకంటే చక్కెరంతా ఈస్టు తినేసింది. ఇదే పద్ధతిలో రాస్ప్‌బెర్రీలతో రోజ్ ద గాంబ్రినూస్, ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు నల్ల ద్రాక్షతో సాన్ లాంవీనూస్, తెల్ల ద్రాక్షతో వీన్యెరాన్ తయారవుతాయి. ఫ్రాన్సులోని రోన్ లోయ నుంచి వచ్చే బెర్జెరాన్ రకపు ఆప్రికాట్లతో 1990ల చివరిలో మొదలైన ఫూ ఫూన్‌కు ప్రత్యేక ప్రేమికులున్నారు. హైదరాబాదు విందుల్లో ఎండబెట్టిన ఖుబానీగా ఉడికి తీపి వంటకమయ్యే ఆ పండే ఇక్కడ తాజాగా, గింజ తీసి పీపాలోకి వెళ్తుంది. కోత బాగుంటే బీరు ఎక్కువ, తెగులో వడగండ్లో వస్తే తక్కువ. గోధుమ లేకుండా మాల్టు ఒక్కదానితో, కొంత తాజా హాప్స్‌తో కాచే ఇరిస్ అనే మరో బీరు 1990ల దశకం చివరి కాలానిదే. పాత పద్ధతికి కట్టుబడటం అంటే కొత్తదేదీ ప్రయత్నించకపోవడం కాదని దాన్ని చూస్తే తెలుస్తుంది.

ఈ ప్రయోగశీలతకు ప్రత్యేకంగా ఒక చోటు కల్పించడానికి 2008లో జ్వాంజ్ అనే వార్షిక బీరును ప్రారంభించారు. బ్రస్సెల్స్ మాండలికంలో పరిహాసానికి వాడే మాట అది. తొలి ఏడాది దానిలో రూబార్బ్ అనే మొక్క పుల్లని కాడలు వాడారు. 2009లో ఎల్డర్ చెట్టు పూలు వాడగా వచ్చిన రుచి అందరికీ నచ్చి, అది తరువాత మామూష్ పేరుతో శాశ్వత జాబితాలో చేరింది. 2015లో నల్లగా వేయించిన ధాన్యంతో గాలికి పులిసే స్టౌట్ కాచారు. జ్వాంజ్‌ను ఒకే రోజు, అనేక దేశాల్లో ఎంపిక చేసిన పానశాలల్లో ఏకకాలంలో పోసే ఆనవాయితీ 2011లో మొదలైంది. ఒక పీపా బీరు కోసం ఊళ్ళకు ఊళ్ళు దాటి వచ్చే అభిమానులను చూస్తే 1970లలో ఈ బీరును కొనేవారు లేరన్న సంగతి నమ్మబుద్ధి కాదు. ఐరోపా సంఘం 1997లో ఊడ్ గూజ్, ఊడ్ క్రీక్ అన్న పేర్లకు సాంప్రదాయ ఉత్పత్తులుగా రక్షణ కల్పించడం, 2016లో బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చడం ఈ మార్పుకు తోడ్పడిన అంశాలు. అయితే గౌరవం వచ్చిందని ఉత్పత్తిని పదింతలు చేసుకునే వీలు లాంబిక్‌లో లేదు. పీపాలు పెంచవచ్చు, గిడ్డంగి విస్తరించవచ్చు, ఆ రెండూ జరిగాయి కూడా. కాని ఏడాదిలో ఉన్న చలి రాత్రులను ఎవరూ పెంచలేరు.

పెంచలేకపోవడమే కాదు, అవి తగ్గుతున్నాయి. యాభై ఏళ్ళ కిందట తన తాత అక్టోబరు నడిమి నుంచి మే దాకా కాచేవాడని, తన కాలంలో అది ఒక్కసారి కూడా సాధ్యపడలేదని జాన్ వాన్ రాయ్ 2015లో పత్రికలకు చెప్పాడు. ఆ ఏడాది నవంబరు అసాధారణంగా వెచ్చబడి రాత్రి ఉష్ణోగ్రతలు పది డిగ్రీలు దాటడంతో, సీజను మొదలయ్యాక కూడా కాచడం కొన్నాళ్ళు ఆపవలసి వచ్చింది. యంత్రంతో రసాన్ని చల్లార్చడం సాంకేతికంగా చాలా తేలిక; ఇతర బ్రూవరీలు రోజూ చేసే పని అదే. కాని మూసిన గొట్టాల్లో చల్లారిన రసానికి రాత్రి గాలి తగలదు, గాలి తగలనిదానిలో ఆ ఊరి సూక్ష్మజీవులు చేరవు, కాబట్టి కాంతియోన్ ఆ పరిష్కారాన్ని ఎంచుకోలేదు. వాతావరణ సూచన చూసుకుంటూ, కాచవలసిన రోజును ముందుకో వెనక్కో జరుపుకుంటూ, వరుసగా వచ్చే చలి రాత్రులను ఒక్కటీ వృథా పోనివ్వకుండా వాడుకోవడమే దానికి మిగిలిన మార్గం. ఈ నష్టం వెంటనే దుకాణంలో కనిపించదు. గూజ్‌కు మూడేళ్ళ లాంబిక్ తప్పనిసరి కావడంతో, ఒక వెచ్చని నవంబరులో కాచకుండా పోయిన పీపాల కొరత ఆ మరుసటి ఏడు లేత లాంబిక్‌లోనూ, ఆపై వేసవి క్రీక్‌లోనూ, మూడో ఏడు గూజ్ కలిపే వేళ పాత లాంబిక్‌లోనూ ఒకదాని వెంట ఒకటిగా బయటపడుతుంది.